ఓపెన్ కిచెన్ ఉన్న ఖరీదైన రెస్టారెంట్‌లో తింటే పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుందా?

జరుగుతుంది. ఓపెన్ కిచెన్ అంటే తినేవాళ్లకు కనిపించేలా తెరిచి ఉంచిన వంటగది. కాకపోతే ఒక షరతు. వండేవాళ్ల మొహాలు మనకూ, మన మొహాలు వాళ్లకూ కనిపించేంత దగ్గరగా కూర్చోవాలి. ఎక్కడో మూల అద్దాల గోడ పక్కన కూర్చుని తినేటట్టయితే మామూలు హోటల్ చాలు, ఇంత ఖర్చు దండగ. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా అమ్మ.

అమ్మ ఏలూరు దగ్గర మా ఊరి ప్రభుత్వ బడిలో మధ్యాహ్న భోజనం వండేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో బడి పిల్లలకు వేడివేడిగా వండి పెట్టడం మొదలైంది. ఆ ఏడాది చేరింది, 22 ఏళ్లు వండింది. మొదట్లో తాటాకు పాక, రాళ్ల పొయ్యి, సరుగుడు పుల్లలు. తర్వాత రేకుల షెడ్డు, ఆ తర్వాత గ్యాస్. చాలా ఏళ్లు నెలకు వెయ్యి రూపాయల గౌరవ వేతనమే, 2019 నుంచి మూడు వేలయింది. వంట సరుకులకు సర్కారు ఇచ్చే బిల్లు డబ్బులు ఆలస్యమైన నెలల్లో కిరాణా కొట్టు పద్దులో మా ఇంటి పేరే పైన ఉండేది.

మోకాళ్లు సహకరించక అమ్మ ఆ పని మానేశాక, నేనూ తమ్ముడూ కలిసి హైదరాబాద్ తీసుకొచ్చాం. "ఇన్నేళ్లూ ఊరి పిల్లలందరికీ వండింది, ఒక్కపూటైనా ఎవరో వండుతుంటే దర్జాగా కూర్చుని తినాలి" అని వాడి పట్టుదల. జూబ్లీహిల్స్ వైపు ఒక పెద్ద రెస్టారెంట్‌లో మా ముగ్గురికీ టేబుల్ బుక్ చేశాడు.

లోపలికి వెళ్లగానే మమ్మల్ని వంటగదికి చాలా దూరంగా, సోఫాలున్న వైపు కూర్చోబెట్టారు. అదే మంచి చోటట. అక్కడ వెలుతురు ఎంత తక్కువంటే, ప్లేటులో ఏముందో చూడటానికి తమ్ముడు ఫోన్‌లో టార్చి వేయాల్సి వచ్చింది. పెద్ద రెస్టారెంట్లకు ఈ చీకటి పిచ్చి ఎందుకో నాకు అర్థం కాదు. కూర రంగు కనబడకపోతే ఆకలి ఎలా పుడుతుంది? దానికి తోడు మ్యూజిక్. నా పక్కనే కూర్చున్న అమ్మతో మాట్లాడటానికి నేను అరవాల్సి వచ్చింది. మెనూ ఏమో క్యూఆర్ కోడ్ కొట్టి ఫోన్‌లో చదువుకోవాలి. అరవై దాటిన మనిషికి అచ్చువేసిన మెనూ ఒక్కటి ఇవ్వడానికి ఎంత ఖర్చవుతుంది?

అమ్మ మాత్రం ఇవేవీ పట్టించుకోలేదు. మెడ తిప్పి వంటగది వైపే చూస్తోంది. "అక్కడ కూర్చోనివ్వరా?" అని అడిగింది. వెయిటర్ కుర్రాడు మర్యాదగానే, "అక్కడ వేడిగా ఉంటుందమ్మా, మసాలా వాసన కూడా వస్తుంది" అన్నాడు. వేడి, వాసన అంటూ మా అమ్మకు చెప్తున్నాడు పాపం, ఆవిడ సంగతి అతనికి తెలియదు కదా. చివరికి వంటగది ముందున్న గట్టు దగ్గర ఎత్తు కుర్చీలు మూడు ఖాళీగా ఉంటే అక్కడికి మారాం. అమ్మ ఎక్కడానికి ఇబ్బంది పడితే ఆ కుర్రాడే వీపు ఆనుకునే కుర్చీ ఒకటి తెచ్చి వేశాడు.

అక్కడి నుంచి మా భోజనం వేరేగా నడిచింది. ప్లేట్లు బయటికొచ్చే చోట పైనుంచి ఎర్రటి దీపాలు వేలాడుతున్నాయి, కింద పెట్టిన ప్లేటు చల్లారకుండా. చిన్న మిషన్‌లోంచి ఆర్డర్ చీటీలు వస్తుంటే, పెద్ద షెఫ్ ఒక్కోటి చింపి గట్టిగా చదువుతున్నాడు. లోపలివాళ్లు ముక్తకంఠంతో "ఎస్ షెఫ్" అంటున్నారు. అమ్మ చూపు మాత్రం ఒక్క మనిషి మీదే ఉంది. తందూర్ దగ్గరున్న కుర్రాడు. పాతికేళ్లు కూడా ఉండవు. పిండి ముద్దను రెండు అరచేతుల మధ్య అటూ ఇటూ కొట్టి సాగదీసి, గుండ్రటి గుడ్డ దిండు మీద పరిచి, వెనక కాస్త తడి చేసి, నడుము దాకా వంగి తందూర్ లోపలి గోడకు ఒక్క చరుపు చరిచేవాడు. మూడు వందల డిగ్రీలు దాటిన వేడి అది. నిమిషం, నిమిషంన్నర కాగానే రెండు ఇనప చువ్వలు, ఒకదానితో గీకి ఇంకోదానితో పట్టి, నాన్ బయటికి లాగేవాడు.

"వాడి చెయ్యి చూడవే" అంది అమ్మ. కుడి చెయ్యి మోచేతి దాకా నున్నగా ఉంది, ఒక్క వెంట్రుక లేదు. అంతా మాడిపోయింది. ఎడమ చెయ్యి మామూలుగానే ఉంది. ఆ మాట అంటూ అమ్మ తన కుడి మణికట్టు మీద మచ్చను బొటనవేలితో రుద్దుకుంది. నా చిన్నప్పుడు గంజి వారుస్తుంటే గుండిగ మీద మూత జారి కాలిన మచ్చ అది.

ఇంకాసేపటికి అమ్మ ఇంకో సంగతి కనిపెట్టింది. "నాన్ వెళ్లిన ప్రతిసారీ ఆ అబ్బాయి తలెత్తి చూస్తున్నాడు, ఎవరు తింటున్నారా అని." నేను గమనిస్తే నిజమే. పని ఆపట్లేదు. చేతులు పిండి మీదే ఉన్నాయి, కళ్లు మాత్రం ఒక్క క్షణం ప్లేటు వెనకాల వెళ్లి వస్తున్నాయి.

బడిలో ఏముండేదో అప్పుడు చెప్పింది. వడ్డించే ముందు టీచర్లు రుచి చూసి రిజిస్టర్‌లో రాయాలి. వాళ్లు ఒక గరిటెడు నోట్లో వేసుకుని "బాగుంది" అని సంతకం పెట్టేవాళ్లు. దాన్ని అమ్మ ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. షెడ్డు గుమ్మంలో నిలబడి రెండో తరగతి, మూడో తరగతి పిల్లల్ని చూసేది. "వాళ్ల మొహాలు చూస్తే తెలిసిపోద్ది. కారం ఎక్కువైతే మంచినీళ్ల దగ్గరికి పరిగెడతారు. ఉప్పు తగ్గితే మాట్లాడకుండా అన్నం పళ్లెం అంచుకు నెట్టేస్తారు. పెద్దపిల్లలు మొహమాటానికి తినేస్తారు, చిన్నపిల్లలు అబద్ధం ఆడరు." మర్నాడు అదంతా సరిచేసుకునేది. 22 ఏళ్లు ఆవిడ వంట నడిచింది ఈ చూపు మీదే.

అందరూ ఓపెన్ కిచెన్ అంటే మనం వాళ్లను చూడటానికి అనుకుంటారు. నేను మాత్రం వాళ్లు మనల్ని చూడటానికే అది కావాలంటాను. తర్వాత వెతికితే దీని మీద పరిశోధన కూడా కనబడింది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో ర్యాన్ బ్యూయెల్ అనే ప్రొఫెసర్, ఆయనతో పనిచేసినవాళ్లు ఒక క్యాంటీన్‌లో వీడియో తెరలు పెట్టి చూశారు. తినేవాళ్లకు వండేవాళ్లు కనిపిస్తే పెద్ద తేడా రాలేదు. వండేవాళ్లకు తినేవాళ్లు కనిపించేసరికి తినేవాళ్ల సంతృప్తి పెరిగింది. ఇద్దరూ ఒకరికొకరు కనిపించినప్పుడు 17 శాతం దాకా పెరిగింది. మా అమ్మకు ఏ తెరా లేకుండానే తెలిసిన సంగతి ఇది.

చాలామంది ఓపెన్ కిచెన్ అనగానే శుభ్రత అంటారు. నేను ఒప్పుకోను. మనకు కనిపించేది వంటగదిలో సగమే. గిన్నెలు కడిగే చోటు, మాంసం శుభ్రం చేసే చోటు, సరుకుల గది, ఫ్రిజ్‌లు అన్నీ వెనకాలే ఉంటాయి. తెల్ల కోటు చూసి మురిసిపోకుండా బిల్లు మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబర్ ఉందో లేదో చూడండి, అది తప్పనిసరి. ఇంకొందరు ఇదేదో కొత్తగా విదేశాల నుంచి వచ్చిన ఫ్యాషన్ అనుకుంటారు. ఢిల్లీలో ఐటీసీ మౌర్య హోటల్‌లోని బుఖారాలో 1970ల చివర్నుంచే తందూర్లు అద్దం వెనక అందరికీ కనబడుతున్నాయి. అంతదాకా ఎందుకు, మన పెసరట్టు బండి ఏంటి? పెనం మీద ఉల్లిపాయ చల్లుతూ "కారం వెయ్యనా సార్" అని మన మొహం చూసి అడుగుతాడు కదా. రుచి ఎక్కువగా బండి దగ్గరే ఉండటానికి కారణం అదే అని నా గట్టి నమ్మకం.

బిల్లు సంగతి ఇక్కడే చెప్పేస్తాను, ప్రశ్నలో డబ్బు గురించి అడిగారు కాబట్టి. మాకు ముగ్గురికీ 5,840 రూపాయలయింది. అమ్మకు దాదాపు రెండు నెలలు వచ్చిన డబ్బు అది. ఆ కాగితం ఆవిడకు చూపించలేదు. అందులో 5 శాతం జీఎస్టీ కాక, సర్వీస్ ఛార్జీ అని ఇంకో 10 శాతం మమ్మల్ని అడక్కుండానే వేసేశారు. ఇది నాకు ఒళ్లు మండే విషయం. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే సర్వీస్ ఛార్జీని దానంతటది బిల్లులో కలపకూడదని మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా వాటిని సమర్థించింది. అయినా వేస్తారు, మనం మొహమాటపడి కట్టేస్తాం. మీరు తీసేయమనండి. తీయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. మేం అడిగితే నిమిషంలో తీసేశారు. అదే డబ్బు మేం తందూర్ కుర్రాడికీ, కుర్చీ తెచ్చిన వెయిటర్‌కీ చేతికిచ్చాం. డబ్బు ఎవరికి చేరుతుందో తెలిసి ఇవ్వడం నాకు ముఖ్యం.

అసలు సంగతికి వస్తాను. మా పక్క గట్టు దగ్గర ఆరేడుగురు కుర్రాళ్లు కూర్చున్నారు. మంట లేచినప్పుడల్లా ఫోన్లు ఎత్తి వీడియోలు తీస్తున్నారు. వాళ్ల ముందుకు బుట్టలో నాన్‌లు వచ్చాయి. ఒకడు బుట్ట అటు జరిపాడు, ఇంకొకడు ఇటు జరిపాడు, ఫోటో కోసం కూర గిన్నె మార్చారు. ఐదు నిమిషాలు దాటాక ఒకడు తుంచి నోట్లో పెట్టుకుని, "చల్లగా ఉంది, తోలులా సాగుతోంది" అని మొత్తం బుట్ట వెనక్కి పంపేశాడు. నాన్‌కి ఆయుష్షు రెండు మూడు నిమిషాలే. అది చేసినవాడికి తెలుసు. తందూర్ కుర్రాడు బుట్ట వెనక్కి రావడం చూశాడు. ఏమీ అనలేదు. ఒక నాన్ అంచు నొక్కి చూసి, పక్కన పెట్టేసి, మళ్లీ పిండి ముద్ద తీసుకున్నాడు. మూసేసిన వంటగది అయితే ఆ బుట్ట ఎందుకు వెనక్కొచ్చిందో వాడికి తెలిసేది కాదు, తన చెయ్యే బాగాలేదనుకునేవాడు. ఇక్కడ కనీసం కళ్లారా చూశాడు.

అమ్మ మొహం ఎర్రబడింది. చేతులు కడుక్కుని వచ్చి, కూర్చోకుండా నేరుగా తందూర్‌కి ఎదురుగా నిలబడింది. "బాగుంది బాబూ, రొట్టె చాలా మెత్తగా వచ్చింది" అంది. ఆ అబ్బాయిది ఉత్తరాఖండ్‌లోని టెహ్రీ వైపట, తెలుగు రాదు. వెయిటర్ హిందీలో చెప్పాడు. అబ్బాయి రెండు చేతులూ జోడించాడు. అమ్మ ఇంక ఆగలేదు. ఎన్నింటికి వస్తావు, తిండి ఎక్కడ, జీతం ఎంత ఇస్తారు అని అడిగింది. జీతం మాట హిందీలో అడగడానికి వెయిటర్ తటపటాయించాడు. ఉండటానికి గది, రెండు పూటలా భోజనం వీళ్లే ఇస్తారని మాత్రం చెప్పాడు. అమ్మ కూడా ఎక్కడ పనిచేసిందో తమ్ముడు హిందీలో చెప్పాడు. ఎంతమంది పిల్లలకు అని ఆ అబ్బాయి అడిగాడు. నూట నలభై అంటే కళ్లు పెద్దవి చేశాడు.

అప్పుడు అమ్మను ఒక ప్రశ్న అడిగాడు. ఉప్పు సరిపోయిందా అని.

మేమైతే బాగుంది అనేసి వచ్చేసేవాళ్లం. అమ్మ అలా అనదు. "పప్పులో సరిపోయింది. మినుములు బాగా ఉడికాయి, వెన్న కూడా ఎక్కువ కాలేదు. చేపలో ఒక పిసరు తగ్గింది" అంది. వెయిటర్ ఇబ్బందిగా నవ్వుతూనే అది కూడా చెప్పాడు. పెద్ద షెఫ్ అది విని ఇటు వచ్చాడు. నాకు టెన్షన్ మొదలైంది, ఆయన ఏమనుకుంటాడో అని. ఆయన చేప ముక్కలు నానబెట్టిన స్టీలు పళ్లెం తీసి, ఆ మసాలా చెంచా కొసకు కాస్త తీసుకుని నాలుక మీద పెట్టుకున్నాడు. ఒక్క క్షణం ఆగి తలూపాడు. ఉప్పు గిన్నెలోంచి మూడు వేళ్లతో తీసి చల్లి, కలిపి, పళ్లెం కుర్రాడి చేతికిచ్చాడు.

బిల్లు కట్టేశాం, క్యాబ్ కూడా వచ్చేసింది. అమ్మ మాత్రం కదల్లేదు. మోకాళ్లు నొప్పిగా ఉన్నా గట్టు పట్టుకుని అక్కడే నిలబడింది. చేపను చువ్వకు గుచ్చి తందూర్‌లోకి దించారు, మధ్యలో తీసి వెన్న రాశారు, మళ్లీ దించారు. పది పన్నెండు నిమిషాలు పట్టింది. క్యాబ్ డ్రైవర్ రెండుసార్లు ఫోన్ చేశాడు. చివరికి ఆ ప్లేటు మా వెనక టేబుల్‌కి వెళ్లింది, ఒక పెద్దాయన ముందుకి. ఆయన నిమ్మచెక్క పిండుకుని మొదటి ముక్క నోట్లో పెట్టుకునేదాకా అమ్మ అటే చూస్తూ ఉంది. ఇటు తిరిగి చూస్తే, పిండి చేతులతో ఆ అబ్బాయి కూడా అటే చూస్తున్నాడు.