నగరపాలక సంస్థ పదేళ్ల మూలధన ప్రణాళిక నిజంగా పనికొచ్చేదేనా? ఎలా కనిపెట్టాలి?

రోడ్లు, పైపులు, భవనాల్లాంటి ఏళ్లపాటు నిలిచే ఆస్తులకు ఏ ఏడు ఎంత ఖర్చు పెట్టాలో రాసుకునే పుస్తకమే మూలధన ప్రణాళిక. పార్కు, ఫౌంటెన్, వంతెన అన్నీ ప్రణాళికలో ఉన్నా నీటి పైపులు పగులుతూనే ఉన్నాయని, ఆ పుస్తకాన్ని ఎలా చదవాలో చెప్పమని అడిగారు.

ముందు రంగుల బొమ్మలు పక్కన పెట్టి, ఆస్తుల రిజిస్టరు ఉందో లేదో చూడండి. "నీటి పైపులు ఇన్ని కిలోమీటర్లు" అని ఒక్క వరుస రాసేస్తే అది రిజిస్టరు కాదు. వీధివారీగా పైపు దేనితో చేసింది, వ్యాసం ఎంత, ఏ ఏడు వేశారు, ఎంత లోతులో ఉంది, గత ఐదేళ్లలో ఎన్నిసార్లు పగిలింది అన్నీ ఉండాలి. వయసు ఒక్కటే చూసి మార్చేయడం తప్పు. వందేళ్లు దాటినా చెక్కుచెదరని పోత ఇనుప పైపులున్నాయి; తుప్పు పట్టించే నేలలో చాలా ముందే పోయినవీ ఉన్నాయి. అందుకే పాడయ్యే అవకాశానికి 1 నుంచి 5, పాడైతే జరిగే నష్టానికి 1 నుంచి 5 మార్కులు వేసి గుణిస్తారు. సందు చివరి ముసలి పైపు 5×1, అంటే 5. ఆసుపత్రికి నీళ్లిచ్చే నడివయసు పైపు 3×5, అంటే 15. ముందు మార్చాల్సింది రెండోదే. ఇలాంటి మార్కులు ఎక్కడా లేకపోతే, పనుల వరుసను గట్టిగా అడిగినవాళ్లే నిర్ణయించారనుకోవచ్చు.

నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యమైంది ఒక్క గడి: ప్రతి పని పక్కన ఏటా అయ్యే నిర్వహణ ఖర్చు. సంగీత ఫౌంటెన్‌నే తీసుకోండి. 30 కిలోవాట్ల పంపు రోజుకు 3 గంటలు తిరిగితే 90 యూనిట్లు, ఏడాదికి 32,850. ఇది పైకి కనిపించే ఖర్చు. ఇక లోపల, నీళ్లలో సున్నం ఎక్కువైతే నాజిల్ రంధ్రం చుట్టూ తెల్లగా పెచ్చు కడుతుంది. ధార ముందు పక్కకి వాలుతుంది, తర్వాత సన్నబడుతుంది. పంపు ముందున్న జల్లెడలో ఆకులు ఇరుక్కుంటే నీళ్లందక పంపు వేడెక్కుతుంది. నీటి అడుగు లైట్ల రబ్బరు సీళ్లు గట్టిపడి చెమ్మ దిగితే, స్విచ్ వేసిన ప్రతిసారీ లైను ట్రిప్పవుతుంది. వీటిలో ఒక్కటీ పెద్ద మరమ్మతు కాదు. జల్లెడ కడిగి, నాజిళ్లు విప్పి పెచ్చు తీసే మనిషి జీతం రెవెన్యూ బడ్జెట్‌లో, అంటే రోజువారీ ఖర్చుల పద్దులో, లేకపోతే మాత్రం ఫౌంటెన్ మూగబోతుంది. వీధిదీపాలదీ అదే కథ. 50,000 గంటలని చెప్పిన ఎల్‌ఈడీ రాత్రికి 12 గంటలు వెలిగితే పదకొండేళ్లకు పైగా వస్తుంది. దానికి కరెంటు సర్ది ఇచ్చే డ్రైవరు అనే భాగం అంతకు ముందే పోవచ్చు. ప్రణాళిక ముగిసేనాటికి అన్నీ ఒకేసారి మార్చాల్సి వస్తుందన్నమాట.

డబ్బు సంగతిలో రెండు చూడండి. అంచనాలు ఏ ఏటి ధరలతో వేశారు? ఏడాదికి 6 శాతం పెరుగుదల అనుకున్నా, ఈరోజు 100 అయ్యే పనికి ఐదేళ్ల తర్వాత 134 కావాలి. చివరి ఏళ్ల పనులకూ ఇవాళ్టి ధరలే రాసి ఉంటే, వాటిలో కొన్ని జరగవని ముందే తేలిపోయినట్టే. రెండోది, అప్పు గడువు ఆస్తి ఆయుష్షును దాటకూడదు. 12 ఏళ్లు మన్నే తారు పొరకు 20 ఏళ్ల బాండ్లు తెస్తే, చివరి 8 ఏళ్లు అరిగిపోయిన రోడ్డుకి వాయిదాలు కట్టాలి. రోజువారీ ఖర్చుల్ని మూలధన పద్దులో దూర్చి అప్పులు తేవడం ఇంకా ప్రమాదం. 1975లో న్యూయార్క్ నగరం దివాలా అంచుకు చేరడానికి ఉన్న కారణాల్లో అదొకటి.

ఆకర్షణలు కట్టడమే తప్పని కాదు. డిజైను తేలకుండా పని మొదలెట్టడం తప్పు. సిడ్నీ ఒపెరా హౌస్ పని 1959లో మొదలయ్యేనాటికి పైకప్పును ఎలా కట్టాలో తేలనే లేదు. 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్లన్న అంచనా 1973లో తెరిచేసరికి 10.2 కోట్లయింది. మాంట్రియల్ 1976 ఒలింపిక్ స్టేడియం అప్పు తీరడానికి 2006 దాకా పట్టింది. మంచి ఉదాహరణ కావాలంటే 2008లో ప్రారంభమైన సింగపూర్ మరీనా బరాజ్ చూడండి. 9 గేట్లు, 7 పెద్ద పంపులు ఉన్న వరద నియంత్రణ కట్టడమది. దాని పచ్చిక కప్పు మీద జనం గాలిపటాలు ఎగరేస్తారు. వరద పనికి పెట్టిన ఖర్చులోనే విహార స్థలం కూడా వచ్చింది. సియోల్‌లో 2005లో తెరిచిన చొంగ్యెచొన్ వాగు కూడా అందమైందే, కానీ అందులో నీళ్లు పారాలంటే రోజూ పంపు చేయాల్సిందే. కరెంటు ఖర్చు ఎప్పటికీ ఉంటుంది.

పనుల వరుసలో జరిగే తప్పు అందరికీ తెలిసిందే. కొత్త రోడ్డు వేస్తారు, ఆర్నెల్లకు పైపు కోసం తవ్వుతారు. పూడ్చేటప్పుడు మట్టిని 150-200 మిల్లీమీటర్ల పొరలుగా వేసి, ఒక్కో పొరనీ దిమ్మిస కొట్టాలి. అంతా ఒకేసారి పోసి పైన రోలరు తిప్పితే, మొదటి పెద్ద వానకే గాడి పడుతుంది. రోడ్డు పని, పైపుల పని ఒకే వీధిలో ఉంటే పైపు ముందు ఏట, రోడ్డు తర్వాతి ఏట ఉన్నాయో లేదో చూడండి.

విజయాల పేజీలో "ఇన్ని కిలోమీటర్లు వేశాం" అన్నది ఖర్చు లెక్కే. కిలోమీటరుకు పగుళ్లు ఎన్ని తగ్గాయి, నీళ్లు ఎన్ని గంటలు వస్తున్నాయి, మురుగు పొంగిందన్న ఫిర్యాదులు ఎన్ని అన్నవి అడగండి.

ఇదంతా చదివే తీరిక లేకపోతే గత మూడేళ్ల ప్రణాళికలు పక్కపక్కన పెట్టండి. మూడింట్లోనూ "వచ్చే ఏడాది" కిందే ఉన్న పనులకు గుర్తు పెట్టుకుని, భూమి చేతికి రాలేదా, టెండరుకు ఎవరూ రాలేదా, అసలు డబ్బే కేటాయించలేదా అని బడ్జెట్ సమావేశానికి ముందే రాతపూర్వకంగా అడగండి.