సున్నం కొట్టించే ముందు ఆ పేర్లు రాసుకో

నాయనా,

ప్రభువు పేరిట శుభాలు. నవంబరు 2 సమాధుల పండుగలోపు మన ఊరి సమాధుల తోట బాగుచేయించే పని సంఘం నీకు అప్పజెప్పిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. కూలీలను పిలిచే ముందు మాత్రం ఈ ఉత్తరం చదువు.

తూర్పు గోడ వెంట ఇటుక, సున్నపు గచ్చుతో గదుల్లా కట్టిన కుటుంబ సమాధులున్నాయి కదా, నా బెంగంతా వాటి గురించే. ఒక్కో దాంట్లో మూడు తరాల వాళ్లున్నారు. ఒక పలక మీద ముగ్గురు పిల్లల పేర్లు, ముగ్గురిదీ ఒకే ఏడాది. ఆ ఇంటికి ఏమొచ్చిందో ఇంకెక్కడా రాసి లేదు.

పాతికేళ్ల కిందట మా తాతగారి సమాధికి నేనే సిమెంటు పూత వేయించాను, గట్టిగా ఉంటుందని. గచ్చు కట్టడానికి సిమెంటు పడదు. లోపలి తడి బయటికి రాలేక కొన్నేళ్లకే ఇటుక పొడైపోయింది. పలక మీది అక్షరాలు పూత కిందే పోయాయి. నానమ్మ చెల్లెలి పేరు అక్కడ తప్ప ఎక్కడా లేదు. ఆ తప్పు ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

అందుకే ముందు నోటుపుస్తకం తీసుకెళ్లు. తోట పటం గీసి, ప్రతి సమాధికీ నంబరు వెయ్యి. రాతలు ఉన్నవి ఉన్నట్టే ఎక్కించు, అక్షర దోషాలతో సహా. చెరిగిన చోట చుక్కలు పెట్టు, ఊహించి నింపకు. పొద్దున్నే ఏటవాలు ఎండలో అక్షరాలు బాగా లేస్తాయి. ఎండ నడినెత్తికొస్తే అద్దంతో పక్కనుంచి వెలుగు కొట్టించి ఫోటో తియ్యి. సుద్ద రుద్దొద్దు. యాసిడ్, ఇనుప బ్రష్షు దగ్గరికే రానివ్వకు. నీళ్లు, మెత్తని కుంచె చాలు. రాయి పొడి రాలుతుంటే అదీ వద్దు.

రావి మొక్కల్ని పీకితే వేళ్లతోపాటు ఇటుకలూ ఊడొస్తాయి. మొదలంటా కోయించు, చిగురిస్తే మళ్లీ కోయించు. మరమ్మతు సున్నం, ఇసుకతోనే చేయించు. ఎక్కడైనా కప్పు కుంగి లోపలి గది కనబడితే ఎవర్నీ దిగనివ్వకు. పైన చెక్కలు వేయించి, పాస్టరుగారికీ ఆ ఇంటివాళ్లకూ కబురుపెట్టు.

బందరులో డచ్చివాళ్ల సమాధులను కేంద్ర పురావస్తు శాఖ కాపాడుతోంది. 1905లోనే జె.జె. కాటన్ అనే అధికారి మద్రాసు రాజధానిలో, అంటే ఇంగ్లీషువాళ్ల కాలపు మద్రాసు ప్రెసిడెన్సీలో, చరిత్ర విలువ ఉన్న సమాధుల రాతలన్నీ పోగుచేసి అచ్చు వేయించాడు. అందులో చాలావరకు తెల్లవాళ్ల పేర్లే. మనవాళ్ల పేర్లు మనం రాసుకోకపోతే ఎవరు రాస్తారు?

ఇంకొక్కటి. ఉత్తరం వైపు రాయీ రప్పా లేని మట్టి దిబ్బల్ని చదును చెయ్యనివ్వకు. అక్కడ ఎవరెవరున్నారో చిన్నమ్మమ్మకు తెలుసు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఆవిణ్ణి నెమ్మదిగా తోటకి తీసుకెళ్లి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఒక్కో దిబ్బా చూపించి అడుగు. ఫోన్లో రికార్డు చెయ్యి.

మీ పెదనాన్న