ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద పుస్తకం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: 400 పేజీల పుస్తకం స్కాన్ చేస్తున్నాను. 50 పేజీలకే నడుము, మణికట్లు పట్టేస్తున్నాయి. మూత ఎత్తడం, పుస్తకం తిరగేయడం, మౌస్ నొక్కడం, మళ్లీ మొదటికి. సులువైన పద్ధతి ఉందా?

జవాబు: ఉంది. నొప్పి తెచ్చేది పేజీ తిప్పడం కాదు, దానికి ముందూ వెనకా చేసే పనులే. వాటిని ఒక్కొక్కటిగా వదిలించుకోండి.

ముందు మూత సంగతి. చాలా స్కానర్లలో కీళ్ల దగ్గర పట్టుకుని నిటారుగా పైకి లాగితే అది ఊడి వచ్చేస్తుంది. కాగితాలు తనంతట తాను లాక్కునే ఫీడర్ ఉన్న మూతకు మాత్రం లోపల తీగలుంటాయి కాబట్టి దాన్ని పీకకండి, తెరిచి ఉంచండి చాలు. మూత బదులు పుస్తకం వీపు మీద నల్లగుడ్డ కప్పండి. బయటి వెలుతురు లోపలికి రాదు, స్కానర్ వెలుగు కళ్లలో పడదు.

తర్వాత స్కానర్‌ను మోచేతి ఎత్తుకు కాస్త దిగువగా పెట్టుకుని, నిలబడి పని చేయండి. అద్దం పొడవాటి వైపు మీకు ఎదురుగా అడ్డంగా ఉండాలి. ఏ5 సైజు పుస్తకం విప్పితే సరిగ్గా ఏ4 అద్దం నిండుతుంది, అంటే రెండు పేజీలు ఒకే స్కాన్‌లో వస్తాయి. బోర్లించేటప్పుడు పేజీల కింది అంచు మీకు అవతలి వైపు, పై అంచు మీ వైపు ఉండాలి. ఇది చాలా ముఖ్యం. ఇలా పెడితే దగ్గరి అంచును పైకి లేపగానే పుస్తకం కింది అంచు మీద నిలబడి, చదువుకునేటప్పుడు ఉన్నట్టే మీ వైపు తెరుచుకుంటుంది. పేజీ తిప్పి మళ్లీ మీ వైపుకే వాల్చేయండి. పుస్తకం బరువంతా చేతుల మీద పడే క్షణమే ఉండదు. బొమ్మ అడ్డంగా వస్తుంది. ఎటు తిప్పాలో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కసారి చెబితే సరిపోతుంది.

మౌస్ పని టైమర్‌కు అప్పగించండి. ఉచితంగా దొరికే స్కానింగ్ సాఫ్ట్‌వేర్ నాప్స్2లో బ్యాచ్ స్కాన్ (వరసగా చాలా స్కాన్లు) కింద, స్కాన్‌కూ స్కాన్‌కూ మధ్య ఇన్ని సెకన్లు ఆగమని చెప్పవచ్చు. వ్యూస్కాన్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లోనూ తనంతట తాను మళ్లీ స్కాన్ చేసే ఏర్పాటు ఉంది. 8 సెకన్లతో మొదలుపెట్టి, చేయి అలవాటు పడ్డాక తగ్గించుకోండి. ప్రతిసారీ ప్రివ్యూ చూడకండి. అద్దం అంచున రెండు మూడు మిల్లీమీటర్ల మేర చాలా స్కానర్లు చదవవు. అందుకని మూలలో ఒక అట్ట పట్టీ అంటించి, పుస్తకాన్ని ఎప్పుడూ దానికే ఆనించండి. అప్పుడు స్కాన్ చేయాల్సిన మేరను ఒక్కసారి గీసుకుంటే చివరిదాకా పనికొస్తుంది.

ఒక్కో స్కాన్‌కు అన్నీ కలిపి 20 సెకన్లు పట్టిందనుకోండి. 200 స్కాన్లకు 67 నిమిషాలు. మధ్యలో 50 స్కాన్లకోసారి ఆగి పేజీ నంబర్లు సరిచూసుకోండి. రెండు ఆకులు కలిసి తిరిగిపోవడం అందరికీ జరిగేదే. చివర్లో తెలిస్తే వెతుకులాట తప్పదు.

ప్రశ్న: నడిమి మడత దగ్గర అక్షరాలు నల్లబడి, మసకబారుతున్నాయి. ఎంత నొక్కినా అంతే. ఏం చేయాలి?

జవాబు: నల్లబడటం వేరు, మసకబారటం వేరు. నలుపు వెలుతురు చాలక వస్తుంది, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో చాలావరకు పోతుంది. మసక ఫోకస్ అందక వస్తుంది, దాన్ని తర్వాత ఎవరూ బాగు చేయలేరు.

పలుచగా ఉండి, యూఎస్‌బీ తీగతోనే కరెంటు తీసుకునే స్కానర్లలో సాధారణంగా సీఐఎస్ అనే రకం సెన్సర్ (బొమ్మను చదివే భాగం) ఉంటుంది. అద్దానికి తాకిన కాగితమే దానికి స్పష్టంగా కనిపిస్తుంది. మందంగా, బరువుగా ఉండే సీసీడీ అనే మరో రకం సెన్సర్ ఉన్న స్కానర్‌లో అద్దాలూ లెన్సూ ఉంటాయి కాబట్టి కొన్ని మిల్లీమీటర్లు పైకి లేచినా అక్షరం చెదరదు. మీది ఎంతవరకు చూడగలదో స్కేలుతో తేల్చుకోండి. సున్నా అంచును అద్దానికి తాకించి, 10 సెంటీమీటర్ల గీత దగ్గర 1 సెంటీమీటరు ఎత్తున్న రబ్బరు ముక్క ఆసరా పెట్టి స్కాన్ చేయండి. ఇప్పుడు స్కేలు మీద ఒక్కో సెంటీమీటరుకు ఎత్తు సుమారు ఒక మిల్లీమీటరు. 2 దగ్గరే అంకె అలుక్కుపోతే ఆ స్కానర్‌కు రెండు మిల్లీమీటర్ల ఎత్తు కూడా అందదని అర్థం. అలాంటిదాని మీద లావుపాటి పుస్తకం రెండు పేజీలూ ఒకేసారి రావాలని ఆశపడకండి.

అద్దం అంచుదాకా ఉండే స్కానర్లు పుస్తకాల కోసమే ఉన్నాయి. ప్లస్‌టెక్ ఆప్టిక్‌బుక్ అలాంటిదే. ఒక పేజీ అద్దం మీద, మిగతా సగం పక్కకు వేలాడుతుంది. ముందు కుడి పేజీలన్నీ వరసగా చేసేసి, పుస్తకాన్ని 180 డిగ్రీలు తిప్పి ఎడమ పేజీలు చేయండి. రెండు వరసలనూ సాఫ్ట్‌వేర్ ఒకటి విడిచి ఒకటిగా కలుపుతుంది.

పిడికిలితో మాత్రం నొక్కకండి. అద్దం వంగి, కింద నడుస్తూ పేజీని చదివే హెడ్‌కు రాసుకుంటుంది, జిగురు బైండింగ్ చీలిపోతుంది. వెన్ను పొడవునా మడిచిన తువ్వాలు పరిచి అరచేతులు విప్పి అదమండి. హెడ్ కదులుతున్నంతసేపూ చేతులు కదలకూడదు. కదిలితే వరసలు అలల్లా వంకర పోతాయి.

ప్రశ్న: ఎంత డీపీఐ? నలుపు-తెలుపా, గ్రే స్కేలా?

జవాబు: డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు అని. మామూలు అచ్చుకు 300, అడుగున సన్నని టైపులో నోట్సు ఉంటే 400, గ్రే స్కేల్‌లో, అంటే బూడిద రంగు ఛాయలతో. నేరుగా నలుపు-తెలుపులో తీస్తే తెలుగుకు ఎక్కువ నష్టం. ‘థ’లో చుక్క చుట్టూ ఉన్న గీతలో కలిసిపోయి ‘ధ’ అయిపోతుంది, గుడికీ గుడిదీర్ఘానికీ తేడా చెరిగిపోతుంది. గ్రే ఉంటే నలుపు-తెలుపు తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు. అచ్చయిన ఫొటోలున్న పేజీలు 600తో తీసి, అచ్చు చుక్కలను చెరిపే డీస్క్రీన్ సదుపాయం వాడండి, లేకపోతే గళ్లు గళ్లుగా వస్తాయి. 600 అంటే 300కు నాలుగింతల పిక్సెళ్లు, కాబట్టి పుస్తకమంతా అలా తీయకండి. వెనక పేజీ అక్షరాలు తొంగిచూస్తుంటే ఆ ఆకు వెనక నల్ల కాగితం పెట్టండి.

ప్రశ్న: అద్దం తుడిచినా ప్రతి పేజీలో పై నుంచి కిందిదాకా ఒక సన్నగీత. ఎందుకు?

జవాబు: అద్దం మీది దుమ్ము చుక్కలా పడుతుంది, గీతలా కాదు. హెడ్ బయలుదేరే చోట, చట్రం అడుగున ఒక తెల్ల పట్టీ ఉంటుంది. స్కానర్ ముందు దాన్ని చూసి తెలుపు ఏదో తేల్చుకుంటుంది. అక్కడ నలుసు పడితే అదే గీతగా పేజీ పొడవునా సాగుతుంది. నలుసు లోపల ఉంటే అద్దం విప్పాల్సిందే. ద్రవం అద్దం మీద చల్లకండి, అంచుల్లోంచి లోపలికి దిగుతుంది. గుడ్డకే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవండి.

ప్రశ్న: తాకితే అంచులు రాలే పాత పుస్తకం కూడా ఇలా చేయవచ్చా?

జవాబు: వద్దు. బోర్లించిన ప్రతిసారీ ఆకు మడత దగ్గర విరుగుతుంది. దాన్ని వెల్లకిలా, 100 డిగ్రీలకు మించి తెరవకుండా రెండు పక్కలా ఆసరా పెట్టి, పై నుంచి కెమెరాతో తీయండి. ఆ బొమ్మలను స్కాన్ టైలర్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేస్తే వంకరలు సరిచేసి అంచులు కత్తిరిస్తుంది. అసలు బొమ్మలు మాత్రం చెరిపేయకండి. ఆ పుస్తకాన్ని రెండోసారి తెరిచే అవకాశం ఉండకపోవచ్చు.