పాఠకుల ప్రశ్నలు: కప్పు గెలిచింది, పందెం ఓడింది

బ్రిటన్‌లో ఉంటున్న పాఠకులు ఫుట్‌బాల్ పందేల మీద పంపిన ప్రశ్నలు ఈసారి ఎక్కువ. కరీంనగర్ నుంచి కూడా ఒకటి వచ్చింది.

ప్రశ్న (లెస్టర్): 2022 వరల్డ్ కప్ ఫైనల్లో అర్జెంటీనా గెలుస్తుందని 20 పౌండ్లు కాశాను. కప్పు వాళ్లకే వచ్చింది, నా పందెం మాత్రం ఓడినట్టు చూపించారు. ఇది మోసం కాదా అండీ?

జవాబు: కాదండీ. మీరు కాసింది 'మ్యాచ్ రిజల్ట్' మీద. ఆ మార్కెట్ (పందెం రకం) లెక్క 90 నిమిషాలు, ఆపైన రిఫరీ కలిపే ఇంజురీ టైమ్‌తో ముగిసిపోతుంది. ఆ ఫైనల్లో అప్పటికి స్కోరు 2-2. కాబట్టి డబ్బు డ్రా మీద కాసినవాళ్లకే దక్కింది. ఎక్స్‌ట్రా టైమ్‌లో 3-3 కావడం, పెనాల్టీల్లో అర్జెంటీనా 4-2తో గెలవడం ఈ మార్కెట్‌కి పట్టవు. కప్పు ఎవరు ఎత్తుతారన్నదానికి 'టు లిఫ్ట్ ద ట్రోఫీ' అని విడిగా మార్కెట్ ఉంటుంది. అందులో డ్రా ఉండదు కనుక అదే జట్టుకు ఆడ్స్ (గెలిస్తే పెట్టిన సొమ్ముకు ఎన్ని రెట్లు వస్తుందన్న అంకె) తక్కువ ఇస్తారు. ఎక్కువ ఆడ్స్ కనిపించిందని మొదటిది ఎంచుకుంటే డ్రా ప్రమాదాన్ని కూడా కొన్నట్టే.

అదే మ్యాచ్‌లో ఇంకా తమాషాలు ఉన్నాయి. ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపే 80, 81, 118 నిమిషాల్లో గోల్స్ కొట్టాడు. రికార్డుల్లో అది హ్యాట్రిక్. మామూలు 'హ్యాట్రిక్' పందెంలో మాత్రం రెండు గోల్సే, ఎందుకంటే మూడోది ఎక్స్‌ట్రా టైమ్‌లో వచ్చింది. మొత్తం ఆరు గోల్స్ పడినా 'ఓవర్ 4.5' (ఐదు లేదా అంతకంటే ఎక్కువ గోల్స్ పడతాయన్న పందెం) ఓడింది. 90 నిమిషాలకు ఉన్నవి నాలుగే.

ప్రశ్న (హౌన్‌స్లో): ఏషియన్ హ్యాండిక్యాప్ -0.75 మీద 1.90 ఆడ్స్‌కి 20 పౌండ్లు పెట్టాను. మా జట్టు 2-1తో గెలిచింది. 38 రావాలి కదా, 29 వేశారేమిటి?

జవాబు: 29 సరైన లెక్కే. హ్యాండిక్యాప్ అంటే పందెం లెక్కలో మీ జట్టు గోల్స్‌లోంచి ఆ అంకెను తీసేయడం. -0.25, -0.75 లాంటి పావు గీతలు వచ్చినప్పుడు మీ సొమ్మును రెండు సగాలు చేస్తారు. ఇక్కడ 10 పౌండ్లు -0.5 మీద, 10 పౌండ్లు -1 మీద పడ్డాయి. ఒక గోల్ తేడాతో గెలిస్తే -0.5 గెలుస్తుంది: 10 × 1.90 = 19. -1 దగ్గర స్కోరు సమమై అసలు పది వెనక్కి వస్తాయి. కలిపితే 29. రెండు గోల్స్ తేడా ఉంటే 38 వచ్చేవి. డ్రా అయితే మొత్తం పోయేది. -0.25 తీసుకుని ఉంటే డ్రాలో సగమే పోతుంది.

దీన్ని యూరోపియన్ హ్యాండిక్యాప్‌తో కలపకండి. అందులో 'హ్యాండిక్యాప్ డ్రా' కూడా ఒక ఎంపికే. అందుకే -1 తీసుకుని ఒక గోల్ తేడాతోనే గెలిస్తే అసలు కూడా తిరిగి రాదు. మరో మెలిక మ్యాచ్ నడుస్తుండగా కాసే ఏషియన్ హ్యాండిక్యాప్‌లో ఉంది. చాలాచోట్ల మీరు కాసిన క్షణాన స్కోరును 0-0గా తీసుకుని, ఆ తర్వాత పడ్డ గోల్స్‌నే లెక్కిస్తారు. జట్టు అప్పటికే 2-0 ఆధిక్యంలో ఉన్నా ఆ రెండూ మీకు పనికిరావు.

ప్రశ్న (రీడింగ్): అక్యుమ్యులేటర్‌లో (పలు పందేలను కలిపి కాసేది) ఒక ఆటగాడు అసలు దిగలేదు. పందెం మొత్తం పోయినట్టేనా?

జవాబు: పోదు. మామూలుగా ఆ ఒక్క లెగ్ (కలిపిన పందేల్లో ఒకటి) వాయిడ్, అంటే రద్దు అవుతుంది, దాని ఆడ్స్ 1.00గా మారుతుంది. 2.00, 1.80, 1.50, 3.00 ఆడ్స్ ఉన్న నాలుగు లెగ్‌లు కలిపి (ఆడ్స్‌ను గుణిస్తారు) 5 పౌండ్లు పెడితే రావాల్సింది 81. చివరి లెగ్ వాయిడ్ అయితే, మిగతావి గెలిస్తే, 27. అతను సబ్‌స్టిట్యూట్‌గా దిగితే సంగతి వేరు. 'ఎనీటైమ్ స్కోరర్' (మ్యాచ్‌లో ఎప్పుడైనా గోల్ కొడతాడన్న) పందెం సాధారణంగా చెల్లుతుంది. 'ఫస్ట్ స్కోరర్' (తొలి గోల్ కొడతాడన్నది) మాత్రం, తొలి గోల్ పడ్డాక దిగితే, ఎక్కువ చోట్ల వాయిడే. సెల్ఫ్ గోల్‌ని స్కోరర్ మార్కెట్లలో లెక్కలోకి తీసుకోరు.

ప్రశ్న (బర్మింగ్‌హామ్): మ్యాచ్ మధ్యలో ఆగిపోతే?

జవాబు: 2023 డిసెంబరులో బోర్న్‌మత్-లూటన్ మ్యాచ్ చూడండి. లూటన్ కెప్టెన్ మైదానంలో కుప్పకూలడంతో 1-1 దగ్గర ఆపేశారు. 2024 మార్చిలో మొదటినుంచి ఆడితే బోర్న్‌మత్ 4-3తో గెలిచింది. ఇలాంటప్పుడు సాధారణ నియమం ఒకటే: ఆగేలోపే తేలిపోయిన మార్కెట్లు చెల్లుతాయి, తేలనివి వాయిడ్. అంటే 'రెండు జట్లూ గోల్ కొడతాయి', 'ఓవర్ 1.5' తేలాయి. 'మ్యాచ్ రిజల్ట్', 'ఓవర్ 2.5' తేలలేదు. నెలల తర్వాత వచ్చిన 4-3 పాత పందేలకు వర్తించదు. రెండు మూడు రోజుల్లోనే తిరిగి ఆడించే మ్యాచ్‌లకు గడువు కంపెనీని బట్టి మారుతుంది, అది నియమాల పేజీలో చూసుకోవాలి.

ప్రశ్న (స్లౌ): 2.10, 3.40, 3.60 అని మూడు ఆడ్స్ ఇచ్చారు. ఇందులో బుకీకి (పందేలు తీసుకునే కంపెనీకి) మిగిలేదెంత?

జవాబు: వందను ఒక్కో ఆడ్స్‌తో భాగించి కలపండి: 47.6 + 29.4 + 27.8 = 104.8 శాతం. వందకు పైన ఉన్న ఆ 4.8 బుకీ మార్జిన్. అక్యుమ్యులేటర్‌లో లెగ్ పెరిగే కొద్దీ ఇది గుణించుకుంటూ పోతుంది. కంపెనీలు వాటినే ఎందుకంత ప్రచారం చేస్తాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ప్రశ్న (కరీంనగర్): టెలిగ్రామ్‌లో వచ్చిన యాప్‌లో ఫుట్‌బాల్ పందెం గెలిచాను. విత్‌డ్రా చేయాలంటే ముందు టాక్స్ కట్టమంటున్నారు. ఎవరికి ఫిర్యాదు చేయాలి?

జవాబు: ఆ టాక్స్ కట్టకండి. గెలిచిన సొమ్ము విడుదలకు ముందుగా డబ్బు అడిగితే అది మోసమే, ఒకటి కడితే రెండోది అడుగుతారు. బ్రిటన్‌లో లైసెన్సున్న కంపెనీతో గొడవైతే, ఎనిమిది వారాల్లో తేలకపోతే ఉచితంగా విచారించే స్వతంత్ర సంస్థ దగ్గరికి వెళ్లొచ్చు. మీకు ఆ దారి లేదు. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ పందేలను గేమింగ్ చట్టం కిందికి తెచ్చింది. 2025 కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నడపడాన్ని, వాటి ప్రచారాన్ని నిషేధించింది. ఇప్పటికే డబ్బు పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి. చాట్‌లు, యూపీఐ లావాదేవీ నంబర్లు చెరిపేయకండి.