పువ్వు చూశాకే చెట్టు మీద చెయ్యి వెయ్యి

చిట్టితల్లీ,

కొండ మీద అంకుడు చెట్ల గింజలు ఏరి నారు పెంచుతావట, మీ నాన్న చెప్పాడు. విన్నప్పటి నుంచీ ఎంత గర్వంగా ఉందో అంత టెన్షన్‌గానూ ఉంది. ఏటికొప్పాక లక్కబొమ్మలకి 2017లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని ఇచ్చే ముద్ర, వచ్చింది, సంతోషమే. కానీ ఆ బొమ్మలు చేసే తెల్లటి మెత్తటి అంకుడు కర్ర దొరక్కపోతే లేత్ మీద ఏం పెడతారు? అందుకే నీ పని నాకు నచ్చింది.

నీళ్ళు తీసుకెళ్ళు, బూట్లు వేసుకో, ఆ కొండ తెలిసిన మనిషి లేకుండా ఎక్కకు.

ఇప్పుడు అసలు సంగతి. గిల్లితే పాలు కారాయని అంకుడే అనేసుకోకు. కొడిశపాల అని ఇంకో చెట్టుంది, దానికీ పాలే, ఆకులు ఎదురెదురే, పువ్వూ తెల్లదే. మీ చిన్నతాత అక్కడే దెబ్బతిన్నాడు. ఇంట్లో జిగట విరేచనాలు పట్టుకుంటే కొడిశపాల బెరడు కోసం పరిగెత్తాడు. పువ్వూ కాయా లేని రోజులు. పాలు చూసి, అంకుడు మానుకి చుట్టూ జానెడు వెడల్పున బెరడు ఒలుచుకొచ్చాడు. ఆకు వండిన తిండి వేరుకి దిగేది ఆ బెరడులోంచే. చుట్టూ తీసేస్తే ఇంకేముంది, పై చెట్టంతా ఎండిపోయింది. ఇంట్లో ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అయినా ఆ దారిన వెళ్ళినప్పుడల్లా ఆగి, ఆ మాను తడిమి చూసేవాడు పాపం. కొట్టేసినా మోడు నుంచి చిగురేసే మొండి చెట్టమ్మా అది.

కాబట్టి వేసవిలో పూసినప్పుడే చూసి గుర్తు పెట్టుకో. అంకుడు పువ్వు నడుమ తెల్లటి సన్నపోగులు కుచ్చులా నిలబడి ఉంటాయి. కొడిశపాల పువ్వులో ఆ కుచ్చు ఉండదు. రెంటికీ కాయలు జంటగానే వేలాడతాయి గానీ, అంకుడు లేతకాయల కొసలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. కొడిశపాల కాయలు మొదట్నుంచీ విడివిడి. అంకుడు కాయ ముదిరి గోధుమరంగుకి తిరగ్గానే కొయ్యి. పగిలిందంటే దూదిపోగుల గింజలన్నీ గాలికి పోతాయి.

అంకుడు ఆకులోంచి నీలిరంగు తీసేవారు. తమిళనాట సిద్ధవైద్యులు ఆ ఆకునే కొబ్బరినూనెలో వేసి ఎండలో పెట్టి చర్మరోగాలకి ఇస్తారు. నూనె ఊదారంగుకి తిరుగుతుంది, కావాలంటే చేసి చూడు. నోట్లో మాత్రం ఏ ఆకూ, ఏ బెరడూ పెట్టకు. నువ్వు చిన్నప్పుడు కనిపించిందల్లా కొరికి చూసేదానివి, నా భయం నాది.

అనుమానం ఉన్న కొమ్మ ఫోటో నాకు పంపు, పువ్వు దగ్గర నుంచి తియ్యి. కొండ దిగగానే ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే.

మీ పెదనాన్న