లోపలి కుట్టు ఎవరు చూస్తారు?

ప్రశ్న: వందనాలు అక్కా. ఒంగోలులో ఒక షాపుకి జాకెట్లు కుడతాను, పీసుకి ఇంతని ఇస్తారు. నేను లైనింగ్ సరిగ్గా వేసి, లోపలి అంచులు ఓవర్‌లాక్ చేసి, హుక్కులు గట్టిగా వేసి ఒకటి ముగించేసరికి పక్కనామె రెండు కుట్టేస్తుంది. "లోపల ఎవరు చూస్తారమ్మా, పైన నీటుగా ఉంటే చాలు" అంటాడు ఓనరు. మా చర్చి సంఘంలో పెద్దావిడేమో స్త్రీల కూడికకి రావట్లేదు, లోకం పనుల్లో పడిపోయావు అంటోంది. మిషను మీద చేసింది దేవుడి లెక్కలోకి రాదా?
- ఒక సోదరి

జవాబు: ఎందుకు రాదు చెల్లీ? బైబిల్లో సువార్త చెప్పిన అపొస్తలుడు పౌలు చేసింది కూడా కుట్టుపనే కదా. కొరింథులో అకుల, ప్రిస్కిల్ల ఇంట్లో ఉండి వాళ్లతో కలిసి డేరాలు కుట్టాడని, విశ్రాంతి దినాన సమాజమందిరంలో మాట్లాడేవాడని అపొస్తలుల కార్యములు 18లో ఉంది. వానకి కారే డేరా అమ్మి, ఆ కొన్నవాడికే సువార్త చెప్పబోతే వాడు వింటాడా?

ఆయనే కొలొస్సయులకు రాసిన పత్రిక 3:23లో ఏ పని చేసినా మనుషుల కోసం కాదు, ప్రభువు కోసమని మనస్ఫూర్తిగా చేయమన్నాడు. ఆ "మనస్ఫూర్తిగా" అన్నచోట గ్రీకులో ఉన్న మాటకి "ప్రాణంలోంచి" అని అర్థం. దానికి ముందు వచనంలోనే, కంటికి కనబడాలని చేసే పని వద్దంటాడు. నీ లోపలి కుట్టు సంగతి సరిగ్గా అదే.

కానీ ఒక్క విషయం. ఆ మాట ఆయన చెప్పింది దాసులకి, అంటే జీతం లేనివాళ్లకి, మానేస్తానని అనలేనివాళ్లకి. యజమాని చూడకపోయినా ప్రభువు చూస్తున్నాడన్నది వాళ్లకి ధైర్యం. ఈ వచనాన్ని ఫ్రేము కట్టించి షాపుల్లో తగిలించేవాళ్లుంటారు, దాని తర్వాత మూడో వచనం 4:1లో యజమానులు న్యాయంగా ఇవ్వాలని ఉంది, దాన్ని మాత్రం ఎవరూ తగిలించరు! అందుకని రేటు పెంచమని అడుగు. ఒక జాకెట్ తిరగేసి ఓనరు ముందు పెట్టి, నువ్వు కుట్టినవి ఆల్టరేషన్‌కి ఎన్ని తిరిగొచ్చాయో, మిగతావి ఎన్నొచ్చాయో చూడమను. అడిగితే విశ్వాసం తగ్గిపోదు.

పని మీద విసుగొచ్చే రోజులూ ఉంటాయి, దానికి బాధపడకు. 17వ శతాబ్దంలో పారిస్‌లో బ్రదర్ లారెన్స్ అని ఒకాయన మఠంలో వంట చేసేవాడు. వంట పనంటే ఆయనకి అసలు ఇష్టం ఉండేది కాదట, అయినా ఆ గిన్నెల మధ్యే దేవుడితో మాట్లాడుకుంటూ ఏళ్లు గడిపాడు.

ఇక ఆ పెద్దావిడ మాట పూర్తిగా తీసిపారేయకు. నువ్వు మిషను మీదే ఉండిపోతే నీకు జ్వరమొచ్చినా సంఘంలో ఎవరికీ తెలియదు. నెలకోసారైనా వెళ్లు. కాజాలు కుట్టాల్సినవి ఉంటే పట్టుకెళ్లు, సాక్ష్యాలు వింటూ కుట్టుకోవచ్చు, ఆవిడ ఏమన్నా అంటే నా పేరు చెప్పు.