పలాస దగ్గర జీడితోటలో పెట్టిన ఇటాలియన్ తేనెటీగలు రెక్కలు ముడుచుకుపోయి నేలమీద పాకుతున్నాయి. పూత మీద కొట్టిన మందు వల్లేనా?

రెక్కలు పుట్టుకతోనే నలిగిపోయి ఉంటే మందు దెబ్బ కాదండీ. అది రెక్కల్ని వంకర చేసే వైరస్. దాన్ని మోసుకొచ్చేది వరోవా నల్లి. మందు తగిలిన ఈగలకు రెక్కలు బాగానే ఉంటాయి, పెట్టె గుమ్మం ముందు నాలుక చాపి కుప్పగా చచ్చిపడతాయి.

ఈ నల్లి ఆవగింజంత, ఎర్రమట్టి రంగులో, బల్లపరుపుగా ఉంటుంది. ఈగ రక్తమే తాగుతుందని చాలాకాలం నమ్మాం. పెద్ద ఈగల్లో అది తినేది కొవ్వు కణజాలమని 2019లో తేలింది. ప్యూపా దశలో (పురుగు ఈగగా మారే దశ) మాత్రం రక్తమేనని 2024 పరిశోధన చెప్పింది. విషాన్ని విరిచేదీ, రోగాన్ని తట్టుకునేదీ ఆ కొవ్వే. అందుకే నల్లి పట్టిన పెట్టెకు జీడిపూతను పట్టే టీ దోమ అనే పురుగుకి కొట్టే మందు కూడా ఎక్కువ హాని చేస్తుంది.

ఈరోజే చూడండి. రాణి లేని ఫ్రేము (పెట్టెలోని తేనెపట్టు చట్రం) నుంచి అరకప్పు ఈగల్ని (సుమారు 300) జల్లెడ మూత సీసాలోకి దులిపి, పంచదార పొడి వేసి దొర్లించి, తెల్ల పళ్ళెంలోకి జల్లించండి. తొమ్మిది నల్లులు దాటితే నల్లి మందు వెయ్యడానికి ఆగకూడదు. ఫార్మిక్ ఆమ్లం ప్యూపాలున్న, మైనంతో మూతపడిన గదుల్లోకీ వెళ్తుంది కానీ, ఎండలు ముదిరాక వాడితే రాణి చచ్చిపోవచ్చు. ఆక్సాలిక్ ఆమ్లం గదుల్లో పిల్ల (ఎదుగుతున్న పురుగులు, ప్యూపాలు) తక్కువగా ఉన్నప్పుడే బాగా పనిచేస్తుంది.

మన పుట్టతేనె ఈగలు ఈ నల్లిని ఒళ్ళు దులుపుకుని వదిలించుకుంటాయి. ఇటాలియన్ ఈగలకు ఆ నేర్పు తక్కువ.